ట్రయల్‌లో ఉన్న మంట

ఫిబ్రవరి 9, సోమవారం, సాయంత్రం

ఇవాళ మళ్ళీ విజిటర్లు. మాస్కులు మేమే ఇచ్చాం. ఒకాయన మాస్కు మీద కర్చీఫు, కర్చీఫు మీద చెయ్యి పెట్టుకుని, ఆ చేతి వెనక నుంచే మా పని చాలా గొప్పదని మెచ్చుకున్నాడు.

నేను ఎప్పటి పాటే పాడాను. ఊళ్ళో కూరగాయల మార్కెట్లలో కుళ్ళిందంతా, హోటళ్ళ ఎంగిలంతా ఇక్కడికి వస్తుంది. రుబ్బి, జావ చేసి, గాలి చొరబడని పెద్ద ట్యాంకులోకి పంపుతాం. లోపల కంటికి కనపడని పురుగులు దాన్ని తిని గ్యాస్ వదులుతాయి. ఆ గ్యాస్ గోడ అవతల పెద్దాసుపత్రి లాండ్రీకి వెళ్తుంది. అక్కడ బాయిలర్ కింద మండి, దుప్పట్లు ఉతకడానికి ఆవిరి ఇస్తుంది. డీజిల్ అక్కర్లేదు, పొగ ఉండదు.

పాటలో చివరి చరణం అబద్ధం. పైపు వేశాం, గోడ దాటించాం, వాల్వ్ బిగించాం, దానికి తాళం వేశాం. గ్యాస్‌ని మాత్రం ఎత్తైన గొట్టం చివర ఊరికే తగలబెడుతున్నాం. మూడేళ్ళుగా ఇదే తంతు.

అందరూ ఆ మంట ముందు నిలబడి ఫొటోలు దిగారు. ఒకమ్మాయి, ఈ గ్యాస్ దేనికీ వాడట్లేదా అని అడిగింది. మా బాస్ నవ్వుతూ, ప్రస్తుతం ట్రయల్‌లో ఉందమ్మా అన్నారు. అప్పుడే గోడ అవతల లాండ్రీ చిమ్నీ నుంచి డీజిల్ పొగ నల్లగా లేచి ఫొటోల్లో పడింది. కాస్త ఇటు జరగండి, పొగ పడకుండా వస్తుంది అని బాసే దగ్గరుండి జరిపారు.

మా ప్లాంట్ కంపు నాకెప్పుడో అలవాటైపోయింది. ఇవాళ ముక్కు మూసుకోవాలనిపించింది మాత్రం దానివల్ల కాదు.

ఫిబ్రవరి 11, బుధవారం

లాండ్రీ అక్క వచ్చింది. ఆసుపత్రి లాండ్రీ మొత్తం ఆమె చేతిమీద నడుస్తుంది. నన్ను అమ్మాయ్ అంటుంది. నాకు నలభై నాలుగేళ్ళు.

పాత బాయిలర్ ఇక లాగదట. కొత్త డీజిల్ బాయిలర్ కొనాలని వాళ్ళ ఆఫీసులో తేల్చేశారట. వచ్చే నెలాఖరుకి ఆర్డర్ వెళ్తుందట. అది ఒకసారి వచ్చి కూర్చుందంటే పాతికేళ్ళు కదలదమ్మాయ్, ఇక మీ పైపు మేం మాపుగుడ్డలు ఆరేసుకోవడానికే అంది. ఇప్పటికే ఆరేస్తున్నారు. ఫోన్లో ఫొటో చూపించింది. నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

చిమ్నీకి సరిగ్గా పైన ఊపిరితిత్తుల వార్డు. కిటికీలు ఎండైనా వానైనా మూసే ఉంటాయట. ఊపిరాడట్లేదని వచ్చిన వాళ్ళని పడుకోబెట్టి మేమే కింద నుంచి పొగ వేస్తున్నాం అంది. అంటూనే దగ్గింది. దగ్గు తగ్గాక, మీవాళ్ళని ఒక్కసారి గట్టిగా అడుగు అంది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

గట్టిగానే అడిగాను. మీటింగ్‌లో అందరూ బిస్కెట్ల ప్లేటు ఒకరి ముందుకి ఒకరు జరుపుకున్నారు.

మా బాస్‌కి ప్లాంట్‌లో చూద్దాం గారు అని పేరు. సెలవు అడిగినా చూద్దామే, పంపు కాలిపోయిందన్నా చూద్దామే. మనిషి చెడ్డవాడు కాదు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఆయనకి తెలిసిన విద్య ఒక్కటే. ట్రయల్‌లో ఉన్నంతకాలం ఏదీ ఫెయిల్ కాదు. మంట ఆరితే ‘గమనించాం’ అని రాస్తారు. పంపు ఆగినా ‘గమనించాం’. అదే ప్లాంట్ నడుస్తోంది అని సంతకం పెట్టాక ఆగితే, దాని కింద ఒక పేరుంటుంది. అందుకని పరీక్షే రాయకుండా మూడేళ్ళు చదువుతున్న పిల్లాడిలా ఉంది మా ప్లాంట్. ఫస్ట్ ర్యాంక్ రాకపోవచ్చు, ఫెయిల్ మాత్రం కాలేదు.

చివరికి ఆయన, అడుసు తొక్కనేల కాలు కడగనేల అమ్మా అన్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అడుసు రుబ్బి బతికే చోట నిలబడి ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో. నేను బిస్కెట్ తీసుకుని తిన్నాను.

ఇంటికి రాగానే అత్తయ్య మామూలుగానే గుమ్మంలోంచి నేరుగా బాత్రూమ్‌కి తోలింది. స్నానం చేసొచ్చి మా ఆయన ముందు కడుపులో ఉన్నదంతా కక్కేశాను. అందరూ పిరికి సన్నాసులే, ఒక్కడికీ వెన్నెముక లేదన్నాను. ఆయన గిన్నెలు తోముతూ, నువ్వైతే తెరిచేదానివా అన్నారు. ఎప్పుడో తెరిచేదాన్ని అన్నాను.

ఫిబ్రవరి 16, సోమవారం

చూద్దాం గారికి పార్కుల డిపార్ట్‌మెంట్‌కి బదిలీ. కొత్తవాళ్ళు వచ్చేదాకా ఇన్‌ఛార్జ్ నేను. వాల్వ్ తాళం చెవి నా టేబుల్ మీద పెట్టి, జాగ్రత్తమ్మా అని వెళ్ళిపోయారు.

ఫిబ్రవరి 17, మంగళవారం, మధ్యాహ్నం

అక్క ఫోన్ చేసింది. వార్త అప్పుడే గోడ దాటింది. గొంతులో సంతోషం దాచుకోలేకపోతోంది. ఇంకేం అమ్మాయ్, ఇక నీ చేతిలో పనే కదా, ఎప్పుడు తెరుస్తున్నావు అంది.

చూద్దాం అన్నాను.

అక్క సరే మేడమ్ గారూ అని పెట్టేసింది.

సాయంత్రం

గురివింద గింజకి తన కింద నలుపు తెలియదట. ఇన్నాళ్ళూ ఆయన్ని చూసి అసహ్యించుకున్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత నున్నగా జారిందంటే, మూడేళ్ళుగా అక్కడే నానుతున్నట్టుంది.

నా మీద నాకే రోత పుడుతోంది.

ఫిబ్రవరి 19, గురువారం

భయం దేనికో ఇవాళ కూర్చుని తరచి చూసుకున్నాను. పేలుతుందని కాదు. పైపు టెస్ట్ అయింది, సేఫ్టీ వాళ్ళు రెండుసార్లు చూసి సరే అన్నారు. గ్యాస్‌కి కొదవలేదు, రోజూ తగలబెడుతున్నాం కదా. నా భయం లిఫ్ట్.

మా కార్పొరేషన్ హెడ్డాఫీసు లిఫ్ట్‌లో బస్సాయన ఎక్కితే మిగతావాళ్ళు మాటలాపేస్తారు. ఊళ్ళో ఎలక్ట్రిక్ బస్సులు మొదలుపెట్టింది ఆయనే. మొదటి రోజు ఒక బస్సు ఫ్లైఓవర్ మీద వానలో ఆగిపోయింది. జనం దిగి తోస్తుంటే ఎవడో ఫొటో తీశాడు. ఆ తర్వాత ఆయన పేరే పోయింది, బస్సాయన మిగిలాడు. ఇప్పుడు ఆ బస్సులు ఊరంతా తిరుగుతున్నాయి. వాటిలోనే ఆఫీసుకి వచ్చి, వాటిలోంచి దిగి, లిఫ్ట్‌లో ఆయన్ని చూసి మూతి బిగించి నవ్వుకుంటారు. ఆయన పాత కాగితాల సెక్షన్‌లో కూర్చుంటాడు. ఏ పనీ చేయని వాళ్ళని చూసి ఎవరైనా నవ్వగా నేనింతవరకు చూడలేదు.

నేను గ్యాసమ్మని అవుతాను. అదీ నా భయం. రాసి చూసుకుంటే ఇంతే ఉంది, ఛీ. దీనికోసం ఒక వార్డుకి వార్డు కిటికీలు మూసుకుని పడుకోవాలా?

ఫిబ్రవరి 21, శనివారం

లాండ్రీకి స్వయంగా వెళ్ళాను. అక్క ఇస్త్రీ రోలర్ దగ్గర ఉంది. నన్ను చూసి, రండి మేడమ్ గారూ అంది. నాలుగో తారీకు బుధవారం పొద్దున తెరుస్తున్నాను అన్నాను. సంతకం ఎవరిది అంది. నాదే అన్నాను. అయితే కూర్చో అమ్మాయ్ అని స్టూల్ తోసింది.

బాయిలర్ మెకానిక్‌ని పిలిపించాం. డీజిల్ బర్నర్ తీసి గ్యాస్ బర్నర్ బిగించాలి. పాతదాన్ని పక్కనే రెడీగా పెట్టుకుందామా, అవసరమైతే మార్చేందుకు గొట్టాలు అలాగే ఉంచుదామా అని అతను అడిగాడు. వద్దు, స్టోర్‌కి పంపేయమన్నాను. అది అక్కడ కనపడితే మాకే నమ్మకం లేదనుకుంటారు.

ఫిబ్రవరి 24, మంగళవారం

ప్లాంట్‌లో రోజుకి వేసేదానికి ఇంకో రెండు ట్రాలీలు కలిపి వేయమన్నాను. గ్యాస్ చాల్లేదు అన్న మాట ఎవరి నోటా రాకూడదు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఇంకో రెండు. ట్యాంకు మీది గ్యాస్ డోమ్ ఉబ్బి నిగనిగలాడుతోంది. చూస్తుంటే ధైర్యంగా ఉంది.

మార్చి 4, బుధవారం, పొద్దున

తెరిచాను. తాళం తుప్పు పట్టి రాలేదు, కోయాల్సొచ్చింది. అవతల నుంచి అక్క ఫోన్లో, వచ్చింది, నీలంగా ఉంది అంది. మావాళ్ళు ఈలలు వేశారు. మా గొట్టం చివర మంటని మూడేళ్ళలో మొదటిసారి మేమే కావాలని ఆర్పాం. చిమ్నీ పైన శుభ్రమైన ఆకాశం. సంతకం పెట్టాను. అక్షరాలు బాగానే వచ్చాయి.

మధ్యాహ్నం

బాయిలర్ ఆగింది. మళ్ళీ వెలిగిస్తే పసుప్పచ్చగా లేచి, రెపరెపలాడి ఆరిపోతోంది. వెళ్తున్నాను.

సాయంత్రం

ప్లాంట్‌కి అజీర్తి. అజీర్తి చేయించింది నేను.

ఇది ఈ పనిలో ఓనమాలు. ట్యాంకులో పురుగులకి ఒక లెక్క ఉంటుంది. అంతకు మించి మేపితే లోపల పులుపు పెరుగుతుంది, పులుపు పెరిగితే పురుగులు చస్తాయి. గ్యాస్ వస్తుంది గానీ మండే గ్యాస్ కాదు. డోమ్ నిండుగా ఉందని మురిసిపోయాను, అందులో ఉన్నది సగానికి సగం ఉత్త గాలి. మూడేళ్ళు ఏమీ చెడకుండా నడిచిన ట్యాంకుని, చెడుతుందేమో అన్న భయంతో పది రోజుల్లో చెడగొట్టాను. నా మొహానికి ఇంజనీరింగ్ డిగ్రీ ఒకటి.

దానికి తోడు పాత బర్నర్ స్టోర్‌లో ఉంది. స్టోర్ తాళం మనిషి భోజనానికి వెళ్ళాడు. దాన్ని తెచ్చి, బిగించి, డీజిల్ ఎక్కించేసరికి పొద్దువాలింది. అప్పటిదాకా తడి దుప్పట్లు గుట్టలుగా పడున్నాయి. ఎమర్జెన్సీకి కావలసినవి అక్క ముందే వేరుగా తీసి ఉంచబట్టి సరిపోయింది. నాకా ఆలోచన రాలేదు, ఆమెకొచ్చింది. మామూలు ఆపరేషన్ ఒకటి మాత్రం రేపటికి వాయిదా పడింది. ఎవరో పెద్దాయన, హెర్నియా.

చిమ్నీ నుంచి మళ్ళీ నల్లగా వస్తోంది. నా ఆఫీసు కిటికీలోంచి అదొక్కటే కనిపిస్తుంది.

మార్చి 5, గురువారం

లీవ్ పెట్టేద్దామనుకున్నాను. పెట్టి ఇంట్లో పడుకుంటే ఆ పెద్దాయనే కళ్ళముందు ఆడేలా ఉన్నాడని, వార్డుకే వెళ్ళాను.

కోపంగా కూర్చుని ఉన్నాడు. నిన్న మీ ఆపరేషన్ వాయిదా పడడానికి కారణం నేనే, క్షమించండి అన్నాను. ఎగాదిగా చూసి, డాక్టరువా అన్నాడు. కాదు, గ్యాస్ ప్లాంట్ అన్నాను. అయితే ఆర్పింది నువ్వేనా అన్నాడు. అవునన్నాను. ఆర్పేదానివి పొద్దున్నే చెప్పి ఉంటే ఏదైనా తినేవాణ్ణి కదా, మొన్న రాత్రి నుంచి నిన్న పొద్దువాలేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వలేదు అన్నాడు. ఇవాళ కూడా కడుపు మాడ్చుకునే కూర్చున్నానన్నాడు. ఇంకా చాలాసేపు తిట్టాడు. ఆసుపత్రిని, పక్క మంచం వాణ్ణి, అల్లుణ్ణి, నన్ను. నన్ను తిట్టింది అల్లుడి కంటే తక్కువే. చివరికి, ఊరికే నిలబడకపోతే ఆ దిండు కాస్త పైకి లాగు అన్నాడు. లాగాను. ఉతికిన దుప్పటే అయినా కిరసనాయిలు కంపు కొడుతోంది, ఏం ఉతుకుతారో ఏమో అని అటు తిరిగి పడుకున్నాడు.

మధ్యాహ్నం ఆయన ఆపరేషన్ అయిపోయింది. బాగానే ఉన్నాడు.

మెట్లు దిగుతుంటే వింతగా అనిపించింది. ఇన్నాళ్ళూ ఫెయిల్ అంటే ఏదో కొండంత ఊహించుకున్నాను. దగ్గరికెళ్ళి చూస్తే ఆకలితో ఉన్న ఒక ముసలాయన. చిన్న తప్పని కాదు. ఆయన్ని ఆకలితో కూర్చోబెట్టే హక్కు నాకు లేదు. కానీ ఈ తప్పుకి ఏం చేయాలో తెలుసు. పాత బర్నర్‌ని పక్కనే ఉంచాలి, మేత తగ్గించాలి, ముందే చెప్పాలి. కొండని ఏం చేస్తాం?

మార్చి 6, శుక్రవారం

హెడ్డాఫీసులో విచారణలాంటి మీటింగ్. లిఫ్ట్‌లో ఇద్దరు నన్ను చూసి మాటలాపేశారు. ఎదురుచూసిందే కాబట్టి పెద్దగా గుచ్చుకోలేదు. అసలు గుచ్చుకోలేదని రాస్తే అబద్ధం.

పెద్ద సారు, ఆసుపత్రి వాళ్ళు ఇద్దరు, చూద్దాం గారు. ఆయన్ని పార్కుల నుంచి ప్రత్యేకంగా పిలిపించారు. నా మీద జాలితో వచ్చారు పాపం. దీన్ని ఫెయిల్ అనడం దేనికి సార్, ట్రయల్‌లో భాగంగా గమనించిన అంశం అని రాద్దాం, అమ్మాయి సంతకం ఉన్న కాగితం వెనక్కి తీసుకుంటే సరిపోతుంది, ఎవరికీ నష్టం లేదు అన్నారు. గది మొత్తం ఊపిరి పీల్చుకుంది. పెద్ద సారు నా వైపు చూసి, ఏమంటావమ్మా అన్నారు.

ఎంత మెత్తని పరుపో. పడుకుంటే చాలు. నాకేమీ కాదు, ఎవరికీ ఏమీ కాదు. నెలాఖరుకి డీజిల్ బాయిలర్ ఆర్డర్ వెళ్ళిపోతుంది, పాతికేళ్ళు. నిజం చెప్పాలంటే నాలుక చివరిదాకా వచ్చింది, సరే సార్ అన్నది. అప్పుడు చూద్దాం గారు నాకేసి ధైర్యం చెబుతున్నట్టు తలాడించారు. ఆ తలాడింపు చూస్తే, రేపు ఇంకెవరో అమ్మాయికి నేనూ అలాగే తలాడిస్తాను కదా అనిపించింది.

ఫెయిలైంది సార్ అన్నాను. నాకే సరిగా వినపడలేదు. మళ్ళీ చెప్పాను. ఫెయిలైంది, మేత ఎక్కువ వేయించింది నేను, బర్నర్ పంపేయించింది నేను, అలాగే రాయండి. ఫెయిలైనదాన్ని బాగుచేయచ్చు, ట్రయల్‌ని ఏం చేస్తాం సార్, మూడేళ్ళుగా చూస్తూనే ఉన్నాం కదా. నాకు నెలాఖరుదాకా టైమ్ ఇవ్వండి అన్నాను.

చూద్దాం గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆసుపత్రివాళ్ళలో ఒకాయన, మళ్ళీ ఆరితే అని అడిగాడు. ఆరచ్చు, ఈసారి మీకు ముందే తెలుస్తుంది, డీజిల్ పక్కనే ఉంటుంది అన్నాను. అదేం హామీ అన్నట్టు చూశాడు. నా దగ్గర ఉన్నది అదే.

పెద్ద సారు గడియారం చూసుకుని, నెలాఖరు, అంతే అన్నారు.

మార్చి 7, శనివారం

అప్పుడే పేరొచ్చింది. గ్యాసమ్మ కూడా కాదు, అజీర్తి మేడమ్. మా ప్లాంట్‌వాళ్ళే పెట్టారు. బాగుంది, నిజానికి.

మార్చి 11, బుధవారం

మేత పూర్తిగా ఆపేశాం. సున్నం కలిపాం. పశువుల డెయిరీ నుంచి ట్యాంకర్లలో పేడనీళ్ళు తెప్పించి పోశాం, కొత్త పురుగుల కోసం. మార్కెట్ నుంచి వచ్చిన కుళ్ళంతా ఆరుబయట గుట్ట పడింది. ఈగలు. ఎండకి కారుతున్న రసం. ఆ గుట్టలో నాలుగు రోజులుగా తిరుగుతున్నాను, జుట్టులోకి కూడా పట్టేసింది. అత్తయ్య నా బట్టలు ఇంట్లోకి రానివ్వడం లేదు. ఈ కొంప నాది కూడా అవునా కాదా అంటే, కొంప నీదే, ముక్కు నాది అంది.

ఇంత కంపులోనూ ఆ మీటింగ్ గది కంటే హాయిగా ఉంది.

మార్చి 16, సోమవారం

మేత మొదలు. ఒక్క ట్రాలీ. ఇంకొకటి వేద్దామా అని చేతులు పీకుతున్నాయి. వేయలేదు.

మార్చి 20, శుక్రవారం

పులుపు దిగుతోంది. అక్క గోడ మీంచి, ఎంతవరకు వచ్చింది అని అరిచింది. ఇంకా పథ్యమే అన్నాను.

మార్చి 25, బుధవారం, సాయంత్రం

తెరిచాం. ఈసారి ఈలలు లేవు. పొద్దున పూట గ్యాస్, మధ్యాహ్నం నుంచి డీజిల్. అంతకు మించి అడగకూడదని రాతపూర్వకంగా నేనే ఇచ్చాను. పాత బర్నర్ బాయిలర్ పక్కనే, అందరికీ కనపడేలా నిలబడి ఉంది. వార్డు సిస్టర్‌కి ముందే చెప్పాం, ఆపరేషన్లకి దుప్పట్లు ఒకరోజు ముందే పంపాం.

మంట నిలబడింది. నీలమూ కాదు పసుపూ కాదు, మధ్యస్తంగా ఉంది. అక్క కళ్ళు తుడుచుకుంది. ఆవిరికి అంది. నేను బయటికొచ్చి డ్రైన్ పక్కన వాంతి చేసుకున్నాను. ఇన్నేళ్ళ ఈ కంపులో ఒక్కసారి కూడా చేసుకోలేదు.

మార్చి 30, సోమవారం

ఆసుపత్రివాళ్ళు డీజిల్ బాయిలర్ కొనడం లేదు. పాతదానికే గొట్టాలు మార్చి రెండూ నడిపేలా చేస్తారట. మెచ్చుకుంటూ ఏమీ రాయలేదు. పైగా, తరచూ ఆగితే పునరాలోచిస్తాం అని ఒక వాక్యం తగిలించారు. మునుపైతే ఆ వాక్యానికే చెమట పట్టేది, ఇవాళ చదివి ఫైల్‌లో పెట్టేశాను.

హెడ్డాఫీసు లిఫ్ట్‌లో బస్సాయన కలిశాడు. ఎప్పుడూ మాట్లాడినవాళ్ళం కాదు. ఆరిందటగా అన్నాడు. ఆరిందండి అన్నాను. మొదటి ఏడాది మావి పదిసార్లు ఆగాయి, ఫొటో ఒకదానికే తీశారు అన్నాడు. ఇద్దరం నవ్వుతుంటే మూడో అంతస్తులో ఎక్కినవాళ్ళు మాటలాపేశారు.

ఏప్రిల్ 9, గురువారం

పొద్దున బాయిలర్ ఆరిపోయింది. డీజిల్ పెట్టాం. ఎందుకో కనుక్కున్నాం, బాగుచేశాం, మళ్ళీ వెలిగించాం. పైనుంచి ఎవరూ నాకు ఫోన్ చేయలేదు, నేనూ ఎవరికీ చేయలేదు.

తర్వాత భోజనానికి వెళ్ళాం.